ఒకే కెమెరా, ముగ్గురు అమ్మాయిల కష్టాలు

సినిమా తీయాలనుకునేవాడి దగ్గర డబ్బు ఉండకూడదు! ఉంటే ఎంత నష్టమో మీకు ఇంతవరకు ఎవరూ చెప్పి ఉండరు. నమ్మకం కుదరకపోతే మా కింది ఫ్లాటు ఎడిటరు గారి సంగతి వినండి.

పెళ్లి వీడియోలు ఎడిట్ చేయడం ఆయన వృత్తి. ఇరవై ఏళ్లుగా ఊళ్లోవాళ్ల నవ్వులు కత్తిరించి అతికించీ అతికించీ, నవ్వంటేనే ఆయనకి మొహం మొత్తింది. సమాజానికి పనికొచ్చే ఏడుపు ఒకటి తీయాలనిపించింది. టీనేజీ ఆడపిల్లల మానసిక సంఘర్షణ మీద పదిహేను నిమిషాల షార్ట్ ఫిల్మ్!

ఊరికే రాసేశారనుకునేరు. ఆరు నెలలు పరిశోధన చేశారు. రిటైరైన హెడ్మాస్టరుని అడిగారు. పిల్లల డాక్టరుని అడిగారు. పార్కులో నడిచే పెద్దమనుషులైతే అడక్కుండానే చెప్పారు. నన్నూ అడిగారు, గంటన్నర చెప్పాను. ఆడపిల్లల్ని మాత్రం అడగలేదు. అడిగితే కథ పాడైపోదూ?

స్క్రిప్టులో ముగ్గురు అమ్మాయిలు. ఒకమ్మాయి వానలో తడుస్తూ ఏడుస్తుంది. ఇంకో అమ్మాయి అద్దం పగలగొట్టి ఏడుస్తుంది. మూడో అమ్మాయి ఏడవకుండా శూన్యంలోకి చూస్తుంది. అదే అన్నిటికన్నా ప్రమాదమని హెడ్మాస్టరు గారి అభిప్రాయం.

ఇక్కడే పేదరికం అడ్డుపడి కళని కాపాడింది. వాన కురిపించే స్తోమతు లేదు. పోనీ షవరు పెడదామంటే మా బిల్డింగులో పగలు నీళ్లు రావు. అద్దం విషయానికొస్తే, ఆయన భార్య బీరువాకి అడ్డంగా నిలబడి, "ఇది మా అమ్మ ఇచ్చింది. అంత సరదాగా ఉంటే మీ కెమెరా పగలగొట్టుకోండి" అన్నారు.

ఇక మిగిలింది శూన్యం. దానికి ఖర్చేముంది?

నటి కోసం వెతుక్కునే పని కూడా లేకపోయింది. ఇంట్లో పదిహేనేళ్ల కూతురు ఉండనే ఉంది.

"నీ ఫ్రెండ్స్ ఇద్దర్నీ కూడా రమ్మనమ్మా. ముగ్గురూ సరిపోతారు" అన్నారు ఎడిటరు గారు.

"వాళ్లకి కుదరదు నాన్నా" అంది కూతురు, ఫోన్లోంచి తల ఎత్తకుండా.

ఎందుకు కుదరదని అడగాల్సిన చోట ఆయన పెన్ను తీశారు. ముగ్గురి కష్టాలూ కలిపి ఒకే అమ్మాయికి ఇచ్చేశారు. పాత్రకి ఎంత లోతు వచ్చిందో అని మురిసిపోయారు కూడా!

తండ్రి వేషం వేస్తానన్న స్నేహితుడు, మీసం తీసేయాలనేసరికి ఫోన్ ఎత్తడం మానేశాడు. దాంతో ఆ వేషమూ ఈయనకే పడింది. కెమెరా భార్య పట్టుకున్నారు. ఆమె పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షనిస్టు. పక్కగదిలో ఎవరెంత కేకలు పెట్టినా ఆమె చెయ్యి వణకదు.

ఆదివారం పొద్దున కూతురి గదిలో షూటింగు. ఉన్నది ఒకే కెమెరా కాబట్టి ముందు తండ్రి మొహం తీసి, తర్వాత కూతురి మొహం తీయాలి. తండ్రి వంతు అయ్యేదాకా కూతురు కెమెరా వెనక మంచం మీద కూర్చుని తన డైలాగు అందిస్తే చాలు.

"ఏమైందమ్మా? ఈ వయసులో ఇవన్నీ మామూలే. ధైర్యంగా ఉండాలి" అన్నారు తండ్రి వేషంలోని తండ్రి.

"నాన్నా, నేనింకా నోరే తెరవలేదు."

రెండోసారి ఆమె నోరు తెరిచింది. ఆయన ధైర్యం చెప్పేశారు. మూడోసారి తన చిన్నతనంలో ఎన్ని కష్టాలు పడ్డారో చెప్పారు. అది స్క్రిప్టులో లేదు. నాలుగోసారి ఆమె ఊపిరి పీల్చుకునేలోపే, "నాకు తెలుసమ్మా" అన్నారు.

"మీరు నటించడం లేదు, రోజూ చేసేదే చేస్తున్నారు" అన్నారు కెమెరా వెనకనుంచి భార్య.

ఏడోసారి, "ఏమైందమ్మా?" అన్నారు. తర్వాతి ముక్క మరిచిపోయారు! ఎంత తడుముకున్నా నోటికి రాలేదు. నోరు సగం తెరిచి కూతురివైపు చూస్తూ ఉండిపోయారు. భార్య కట్ చెప్పలేదు.

"వాళ్లకి కుదరకపోవడం కాదు నాన్నా" అంది కూతురు. "వాళ్లు నాతో మాట్లాడట్లేదు. నాలుగు నెలలైంది. గ్రూపులోంచి తీసేశారు."

స్క్రిప్టులో ఈ మాట లేదు. ఆయనకి తెలుసు. అయినా ఆపలేదు.

"నేనేం చేశానో కూడా చెప్పలేదు. నేను వస్తే బెంచీ మీద బ్యాగులు పెట్టేస్తారు."

"మరి మధ్యాహ్నం ఎవరితో తింటున్నావమ్మా?"

"పైమెట్ల మీద. అక్కడికి ఎవరూ రారు."

ఎడిటరు గారు కుర్చీలోంచి లేచి నేలమీద కూలబడ్డారు. ఫ్రేములోంచి సగం మొహం జారిపోయింది. పదకొండు నిమిషాలు ఆ పిల్ల చెప్పింది, ఆయన విన్నారు. ఒక్క సలహా కూడా ఇవ్వలేదు. ఇద్దామన్నా ఏమీ తోచలేదు.

సాయంత్రం కంప్యూటరు ముందు ఆ ముక్క చెరిపేయబోతుంటే కూతురు వచ్చి పక్కన నిలబడింది.

"ఉంచు నాన్నా. నా మొహం ఎలాగూ లేదుగా. గొంతు ఒక్కటే ఉంది."

"అందరూ వింటారే."

"విననీ."

చూశారా! రెండో కెమెరాకి డబ్బుంటే ఇది జరిగేదా? కిరాయి కూతురు వచ్చేది. గ్లిజరిన్ కన్నీళ్లు కార్చేది. సొంత కూతురు పక్కగదిలో ఫోన్ చూసుకుంటూ ఉండిపోయేది.

లైబ్రరీ హాల్లో షార్ట్ ఫిల్ముల పోటీ, ప్రదర్శన ఏర్పాటు చేశారు. 'యువతరం గొంతు విందాం' అని బ్యానరు. హాలు నిండా స్కూలు యూనిఫారాలు. తెరమీద ఒక నడివయసు మనిషి సగం మొహం, వెనక ఒక అమ్మాయి గొంతు. ఆడపిల్లల వరసల్లో ఎవరూ గుసగుసలాడలేదు. న్యాయనిర్ణేత మాత్రం, "అమ్మాయే కనబడదు, ఇదేం అమ్మాయిల సినిమా?" అని నిట్టూర్చి, అద్దం పగలగొట్టిన ఇంకో సినిమాకి బహుమతి ఇచ్చారు.

ఆ తర్వాత ముఖ్య అతిథికి శాలువా, ఆపైన ప్రసంగం. పిల్లలు చెప్పేది ఓపిగ్గా వినాలని ఆయన నలభై నిమిషాలు నొక్కి చెప్పారు. మధ్యలో మూడుసార్లు నీళ్లు తాగారు. చివర్లో మైకు ఎడిటరు గారి కూతురికి ఇచ్చారు. ఆమె లేచింది. వెనక వరసల్లో ఏడెనిమిది చేతులు పైకి లేచాయి. సరిగ్గా అప్పుడే వాచ్‌మన్ వచ్చి హాలు ఖాళీ చేయాలన్నాడు.

బయట మెట్ల దగ్గర ఆ చేతులెత్తిన పిల్లలంతా ఆమె చుట్టూ మూగారు. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. ఎడిటరు గారు దూరంగా స్కూటరు మీద కూర్చుని, వెళ్దాం రమ్మని పిలవకుండా ఎదురుచూస్తున్నారు. ముఖ్య అతిథి దగ్గరికి రాగానే పిల్లలంతా ఠక్కున మాటలాపి, పక్కకి జరిగి, ఎంతో మర్యాదగా దారి ఇచ్చారు.

వాళ్లేం చెప్పుకుంటున్నారో నాకు తెలియలేదు. ఒక్క క్షణం ఆగి అడిగి ఉండవచ్చు. కానీ శాలువా భుజం మీంచి జారిపోతోంది, పైగా ప్రసంగంలో నేను చెప్పకుండా వదిలేసిన రెండు పాయింట్లు అప్పుడే గుర్తొచ్చాయి.