ఇరవై లెక్కపెట్టే బడి

లబాసా నది పొంగి సముద్రం దాటొచ్చిన మా కూలీల లైన్లలో ఒక వరస గదుల్ని ఊడ్చుకుపోయిన ఏడాది, ఎస్టేట్‌లో పదిహేనేళ్లు దాటిన కుర్రాళ్లకు నిగ్రహం లేదని కనిపెట్టారు. కనిపెట్టింది మా పైన ఉండే తెల్లదొర, కులంబర్ సాబ్. ఆయన గుర్రం దిగకుండానే ఇలాంటివి కనిపెట్టగలడు.

వరద మేట వేసిన చెరకులో రోజుకు కొలిచి ఇచ్చే టాస్కు చీకటి పడినా తెమిలేది కాదు. ఒక కుర్రాడు పార విసిరేశాడు. టాస్కు తగ్గిస్తే కుర్రాళ్లు చెడిపోతారు కనుక, మాకు బడి పెట్టారు. పనికి మేం పెద్దవాళ్లం, బుద్ధికి పిల్లలం. రెండూ ఒకే కాగితంలో రాసి ఉన్నాయి.

గురువు, మాచేత పని చేయించే మేస్త్రీ, సర్దార్ రామ్ చంద్ర. ఓపిక గురించి చెప్పడానికి అంతకంటే తగినవాడు లేడు. ఆయన ఓపిక నశించడం మేం రోజూ చూసేవాళ్లం.

"కోపం వస్తే నోరు ముయ్యండి. ఇరవై దాకా లెక్కపెట్టండి. ఆనక ఏది మంచిదో తేల్చుకోండి. సమఝా, బద్మాష్‌ల్లారా?"

"ఇరవై రానివాడో, సర్దార్?" అన్నాడు మాలో వేలు అనే కుర్రాడు.

"పది రెండుసార్లు పెట్టరా, గాడిదా!"

పెద్దలు కొబ్బరికాయ కొట్టారు. "ఇండియాలో కూడా ఇంత మంచి బడి లేదు" అన్నాడు మా నాన్న మునియ్య. ఆయన ఏ బడీ చూడలేదు.

వేలు నా పక్క వరసలో నరికేవాడు. పదహారేళ్లు. ఆ నెలలో రెండుసార్లు టాస్కు తప్పాడు. మూడోసారి తప్పితే జైలు, జైలు రోజులన్నీ గిర్మిట్‌కు, అంటే ఓడెక్కే ముందు రాసిచ్చిన కూలీ ఒప్పందానికి, అదనం. బుధవారం వాడి నుదురు ముట్టుకున్నాను. కాలిపోతోంది.

"కొంచెం నా వరస చూడన్నా" అన్నాడు.

ఒకరి పని ఒకరు చేయకూడదని నియమం. బాగా ఆలోచించి నా వరస చూసుకున్నాను.

సాయంత్రానికి వేలు టాస్కు మిగిలిపోయిందని సర్దార్ వాడి మీద కొరడా తీశాడు. మేం ఏడుగురం, చేతుల్లో చెరకు కత్తులు. ఏడుగురం పైకే లెక్కపెట్టాం. తొమ్మిది దగ్గర వేలు మోకాళ్ల మీద పడ్డాడు. పద్నాలుగు దగ్గర సర్దార్‌కు ఆయాసం వచ్చింది. మేం మాత్రం ఇరవై పూర్తి చేశాం.

కులంబర్ టోపీ తీశాడు. "శాబాష్! అడవి మనుషులు నాగరికులు కావడం కళ్లారా చూశాను!"

టాస్కు తప్పినందుకు వేలు మీద కోర్టులో కేసు పెట్టారు. సాక్షి కావాలన్నారు. "మావాడు చెబుతాడు సాబ్, తొణకడు" అన్నాడు నాన్న.

సాయంత్రం వేలు తల్లి పార్బతి మా గుమ్మంలో నిలబడింది. "నువ్వు చెయ్యిపెట్టి చూశావు గదరా. ఉన్న మాట చెప్పు నాయనా. అంతే చాలు."

నేను లోలోపల ఇరవై లెక్కపెట్టాను. నాకు నిగ్రహం అలవాటైంది.

మర్నాడు పొద్దున్నే స్నానం చేసి, ఉతికిన చొక్కా తొడుక్కుని, మేజిస్ట్రేట్ ముందు నిలబడి, వేలుకు జ్వరం లేదని, ఒట్టి బద్ధకమని చెప్పాను. ఎక్కడా తొణకలేదు. బయట తల్లులు తమ పిల్లలకు నన్ను చూపించి, "చూసి నేర్చుకోండి" అన్నారు.

నేర్చుకున్నారు.