ఎర్ర చుక్క పెట్టిన గుమ్మాలు

ఆ రోజు పొద్దున్న నక్షాల అల్లుడు వేసుకున్న పథకంలో ఎక్కడా లోపం లేదు. ఆరింటికి కాఫీ, ఏడింటికి గడ్డం, తొమ్మిదింటికి ఇస్త్రీ చొక్కా, పదకొండింటికి కమిటీ. ఒంటిగంటకల్లా ఊరు బతికిపోవాలి. లోపం లేని పథకాలే మనిషిని నిండా ముంచుతాయన్న సంగతి ఆయన చదివిన చదువులో ఎక్కడా రాయలేదు, పాపం.

ఆయన ఆ చిన్న ఊరికి ప్రణాళికాధికారి. ఏ వీధి ఎంత వెడల్పుండాలి, ఏ అరుగు ఎక్కడిదాకా రావాలి అని నక్షాలు గీస్తూ ఉంటాడు. పైగా ఇల్లరికపు అల్లుడు. ఆ రెండు ఉద్యోగాలూ కలిపి ఊరు ఆయనకు పెట్టిన పేరు అది.

ఊరు బతకడమేమిటంటే, పెద్ద రహదారి ఒకటి వస్తోంది. పై ఆఫీసులో ఎవరో స్కేలు పెట్టి గీసిన గీత తిన్నగా వచ్చి ఈ ఊరి పెద్దవీధి నడినెత్తిన పడింది. 'ఇది అన్ని ఊళ్ళలాంటి ఊరు కాదు, దీనికంటూ ఒక ముఖం ఉంది' అని ముగ్గురు సభ్యుల కమిటీ ఒప్పుకుంటే ఆ గీత ఊరి బయటినుంచి వంపు తిరుగుతుంది. ఒప్పుకోకపోతే వీధికి వీధే నేలమట్టం. అందులో మొదటి ఇల్లు ఆయన అత్తగారిది. అత్తగారి ఇంటి మీదుగా రోడ్డు వేయించిన అల్లుడికి ఆ తర్వాత ఎవరు వడ్డిస్తారు?

ఊరి ముఖం ఆయనకు తెలుసు. అది తలుపులు. పెద్దవీధిలో ఏ రెండిళ్ళ తలుపులూ ఒకలా ఉండవు. దర్జీ తలుపు మీద కత్తెర, వైద్యుడి తలుపు మీద కల్వం, బడిపంతులు తలుపు మీద పలక, ఎవరి పని వారి తలుపు మీద చెక్కి ఉంటుంది. కొత్తవాడు ఎవరినీ అడగకుండా కావలసిన ఇల్లు చేరుకోవచ్చు. అత్తగారి మామగారు కాటా వ్యాపారం చేసినవాడు కాబట్టి ఆవిడ తలుపు మీద త్రాసు ఉంది. అందులో ఒక తట్ట కాస్త కిందికి వాలి ఉంటుంది. అది చెక్కినవాడి పొరపాటో, నిజాయితీయో ఎవరూ తేల్చుకోలేదు.

కమిటీ తలుపులు చూడ్డానికి వస్తోందని ఊళ్ళో వాళ్ళకు చెప్పొచ్చు కదా అంటే, చెప్పకపోవడానికి కారణం ఉంది. కిందటేడు ఎవరో పెద్దలు కిటికీలు చూడ్డానికి వస్తున్నారని ఆయన నోరు జారాడు. తెల్లారేసరికి ఊరంతా కిటికీలకు చిలకపచ్చ రంగు పూసి కూర్చుంది. వచ్చిన పెద్దలు కళ్ళు నులుముకుంటూ వెళ్ళిపోయారు. అందుకని ఈసారి కట్టుకున్న భార్యకైనా చెప్పలేదు. కమిటీకి పంపిన దరఖాస్తులో కూడా, "మా ఊరి ప్రత్యేకత కాగితం మీద చెప్పేది కాదు, కళ్ళతో చూడవలసినది" అని మాత్రం రాసి ఊరుకున్నాడు.

ఒక్క రంగులాయనకు మాత్రం పని చెప్పాడు. "మంచి తలుపున్న ప్రతి గుమ్మం పక్కనా తెల్లారేలోగా సుద్దతో చిన్న చుక్క పెట్టు. కమిటీ ఆ చుక్కల వెంట నడుస్తుంది. ఎందుకని ఎవరడిగినా నోరు విప్పకు."

రంగులాయన నోరు విప్పలేదు, డబ్బా మూత విప్పాడు. సుద్దయితే మంచుకి చెరిగిపోతుందని తన సొంత తెలివితో ఎర్రరంగు వాడాడు. చిన్న చుక్క దూరానికి ఆనదని అరచెయ్యంత పెట్టాడు.

ఆరింటికి అత్తగారు కాఫీ గ్లాసు అందిస్తూ అడిగింది. "అల్లుడుగారూ, మన గుమ్మం పక్కన ఆ ఎర్ర గుర్తేమిటి?"

సుద్ద ఎర్రదెప్పుడైందని ఆయనకు అనుమానం వచ్చింది. కానీ రహస్యం మోస్తున్నవాడికి ముఖం మీద ఒక నవ్వు దానంతటదే వచ్చి కూర్చుంటుంది.

"అది ఆఫీసు విషయం అత్తయ్యగారూ. పదకొండింటికి మీకే తెలుస్తుంది."

"పదకొండింటికా?"

"ఆఁ. వీధి వీధంతా ఒక్కసారే చూస్తుంది," అని గ్లాసు కింద పెట్టాడు. ఏడింటికి గడ్డం గీసుకోవడానికి పెరట్లోకి వెళ్ళాడు.

కుడి చెంప పూర్తయింది. ఎడమ చెంపకు నురగ పట్టించాడు. ఇంతలో వీధి గుమ్మం నుంచి పెరటిదాకా ఎన్నడూ లేని గాలి ఒకటి దూసుకొచ్చి అద్దాన్ని కింద పడేసింది.

"వీధి తలుపు ఎవరు తీసి పెట్టారు?" అని కేకేశాడు.

"తీసి పెట్టలేదండీ, తీసుకెళ్ళారు," అంది భార్య.

పరుగెత్తుకొచ్చి చూస్తే గుమ్మం ఉంది, బందులున్నాయి, తలుపు లేదు. అత్తగారు కొంగు బిగించుకుని మెట్టు మీద నిలబడి ఉంది.

"మా మామగారు చేయించిన తలుపు. మీ రోడ్డు కింద పోనిస్తానా? కలప అడితిలో దాయించాను. పదకొండింటికి కూలగొట్టుకోండి, గోడలే దొరుకుతాయి."

"కూల్చడమేమిటండీ! నేనెప్పుడు చెప్పాను?"

"నోటితో చెప్పలేదు. నవ్వారు. ఆఫీసువాళ్ళు ఊరికే నవ్వుతారా?"

నక్షాల అల్లుడు వీధిలోకి చూశాడు. తలుపులు నడుస్తున్నాయి. ఒక్కో తలుపు కింద రెండేసి జతల కాళ్ళు. కత్తెర వెళ్తోంది, దాని వెనక పలక, దాని వెనక కల్వం. అన్నీ బారుగా వీధి చివరి కలప అడితి వైపు, చీమలు గింజలు మోసుకుపోతున్నట్టు పోతున్నాయి. అత్తగారు ఎదురింటి దర్జీకి ఒక్క మాట చెప్పిందట. దర్జీకి చెప్పడమంటే డప్పు వేయించడం కన్నా చవక.

ఒక చెంప నున్నగా, ఒక చెంప నురగతో ఆయన వీధిలోకి దూకాడు. "ఆగండి! అవి కూల్చే గుర్తులు కావు, కాపాడే గుర్తులు!"

దర్జీ తలుపు కింద నుంచి తల బయట పెట్టాడు. "అలాగా బాబూ? ఇన్నేళ్ళలో మీ ఆఫీసు ఎర్రరంగు పూసి కాపాడింది ఒక్కటి చెప్పండి. దీన్ని ఇప్పుడే వెనక్కి మోసుకుపోతా."

ఆయన నిజాయితీగా ఆలోచించాడు. పాత పంపుగది... కూల్చారు. తూర్పు వంతెన... కూల్చారు. పోస్టాఫీసు అరుగు... దానికి రంగు ఆరకముందే కూల్చారు.

"చూశారా, మాట రావడం లేదు!" అన్నాడు దర్జీ. కత్తెర ముందుకు సాగిపోయింది.

ఎనిమిదయింది. ఆయన రంగులాయనను పట్టుకొచ్చి, చేతిలో కిరసనాయిలు గుడ్డ పెట్టి, గుర్తులన్నీ తుడవమన్నాడు. నాలుగిళ్ళు తుడిచేసరికి వీధంతా గగ్గోలు. "సాక్ష్యం చెరిపేస్తున్నారు! రేపు అడగడానికి గుర్తు కూడా లేకుండా చేస్తున్నారు!" అంతవరకూ తలుపు తియ్యాలా వద్దా అని తటపటాయిస్తున్న బడిపంతులు తమ్ముడు కూడా సుత్తి అందుకున్నాడు.

అసలు గుర్తే లేని సందుల్లోనూ కలకలం మొదలైంది. "గుర్తు పెట్టినవాళ్ళకి ముందుగా చెప్పారు. మనకి ఆ మర్యాద కూడా లేదు, చెప్పకుండానే కూలుస్తారు," అని వాళ్ళూ మొదలెట్టారు. తొమ్మిదిన్నరకల్లా ఊళ్ళో పిల్లి దూరకుండా అడ్డుకునే చెక్క ఒక్కటి మిగల్లేదు.

తన ఆఫీసులోనైనా కాసేపు తలుపేసుకుని ఏడుద్దామని వెళ్ళాడాయన. అక్కడా తలుపు లేదు.

"ఇదెందుకు తీశావయ్యా?" అని బంట్రోతును అడిగాడు.

"ఊరంతా తీస్తుంటే మన ఆఫీసు వెనకబడిందంటారని, అయ్యగారూ."

పది కొట్టింది. అడితికి పరుగెత్తాడు. వడ్రంగి తలుపుల గుట్ట మీద కూర్చుని మోచెయ్యి నొక్కుకుంటున్నాడు. గుట్ట లోపల పట్టాలంటే దారి చాలక అడితి తలుపులు కూడా ఊడదీశారు.

"పెద్దవీధి తలుపులైనా పదకొండులోపు బిగించెయ్యి, నీకు పుణ్యముంటుంది!"

"అయ్యగారూ, తలుపు తియ్యడమంటే పన్ను పీకడం. క్షణం పని. పొద్దుట్నుంచీ నూట పన్నెండు పీకాను. పీకిన పన్ను మళ్ళీ నాటమంటే నావల్ల అవుతుందా? ఏ పన్ను ఏ నోటిదో కూడా ఇప్పుడు చెప్పలేను."

ఇంకా పదకొండు కాలేదు. కమిటీ జీపు ఇరవై నిమిషాలు ముందే వచ్చి వీధి మొదట్లో ఆగింది. ముందు ఒక పెద్దావిడ దిగింది. లావుపాటి కళ్ళద్దాలు, చేతిలో నోటు పుస్తకం, ముఖంలో ఏ భావమూ లేదు. మిగతా ఇద్దరు సభ్యులూ ఆవిడ సంచీలు మోయడానికీ, ఆవిడ అన్నదానికి తలలూపడానికీ వచ్చినట్టున్నారు.

పెద్దావిడ ఆయన సగం గడ్డాన్ని పైనుంచి కిందికి చూసింది. "ఏదీ, కళ్ళతో చూడవలసినదన్నారు?"

"అదేనండీ... ఈ వీధే..." అన్నాడు. ఉన్నదున్నట్టు చెప్పేద్దామా అనుకున్నాడు. చెబితే? ముఖం చూపిస్తానని పిలిచి, ముఖం అడితిలో ఉంది అంటే ఏ కమిటీ నమ్ముతుంది?

ఆవిడ నడిచింది. ఒక గుమ్మంలోంచి వంటిల్లు కనబడింది, ఒక గుమ్మంలోంచి పెరట్లో ఆరేసిన దుప్పటి, ఒక గుమ్మంలోంచి అన్నం తింటూ బిత్తరపోయిన ముసలాయన. ఆవిడ అన్నీ నోటు పుస్తకంలో రాసుకుంది. చివరికి వెనక్కి తిరిగొచ్చి సరిగ్గా అత్తగారి గుమ్మం ముందు ఆగింది.

"అమ్మా, మీ ఇంటికి తలుపు లేదేం?"

అల్లుడు నోరు తెరిచాడు. అత్తగారు ఆయన కన్నా ముందు తెరిచింది. వచ్చినవాళ్ళు ఇళ్ళు కూల్చేవాళ్ళని, తలుపులు దొరికితే బండికెత్తుకుపోతారని ఆవిడ గట్టి నమ్మకం.

"తలుపా? మా ఇంటికి తలుపెప్పుడుందమ్మా?"

"మరి ఈ బందులు?"

"బట్టల తాడు కట్టుకోడానికి."

దర్జీ ఎదురుగుమ్మం నుంచి అందుకున్నాడు. "మాకూ అంతేనండీ. ఈ ఊళ్ళో తలుపులుండవు. మా తాతలనాటి నుంచీ లేవు." వీధి వీధంతా తలలూపింది. అన్నం తింటున్న ముసలాయన ముద్ద చేత్తో పట్టుకునే వచ్చి, "మా తాతకి తలుపంటే ఏమిటో తెలీదు," అని సాక్ష్యం చెప్పాడు.

పెద్దావిడ వీధి చివరి అడితిదాకా నడిచింది, వెనక అత్తగారూ వీధంతా. వడ్రంగి గుట్ట మీద టార్పాలిన్ లాగి, దాని మీద కూర్చుని, ఊపిరి బిగబట్టాడు.

"దాని కిందేమిటి?"

"కలపండి. ఇది అడితి కదండీ," అన్నాడు. అబద్ధం కాదు మరి.

"రాత్రుళ్ళు దొంగల భయం లేదా?"

"దొంగ రావాలంటే మా ఇల్లు దాటి రావాలి. నాకు నిద్ర పట్టదు," అంది అత్తగారు. ఆ చూపు చూస్తే దొంగలకే కాదు, కమిటీకీ భయం వేసేలా ఉంది.

"ఎవరైనా వస్తే మరి తట్టేదెలా?"

"తట్టడమెందుకమ్మా? పిలిస్తే పలుకుతాం కదా."

పెద్దావిడ పుస్తకం మూసింది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. అయిపోయింది, వీధి పోయింది, ఇక తన భోజనమూ పోయినట్టే అనుకున్నాడు అల్లుడు.

"ఎన్నో ఊళ్ళు చూశాను," అంది ఆవిడ నెమ్మదిగా. "గడియార స్తంభం చూపించారు, రంగుల ఫౌంటెన్లు చూపించారు. ఒకళ్ళనొకళ్ళు ఇంతగా నమ్ముకున్న ఊరిని ఎవరూ చూపించలేదు. మీరన్నది నిజమే, ఇది కాగితం మీద రాసేది కాదు." అని ఆయన వైపు తిరిగింది. "గడ్డం సగంలో వదిలేసి మరీ పని చేసే అధికారిని కూడా ఇప్పుడే చూస్తున్నాను."

నిజం ఆయన నాలుక చివరిదాకా వచ్చింది. అత్తగారు చూసిన ఒక్క చూపుకు వచ్చిన దారినే వెనక్కి వెళ్ళిపోయింది.

పదిహేను రోజులకు ఉత్తరం వచ్చింది. ఊరికి గుర్తింపు దొరికింది, రహదారి వంపు తిరిగింది. వీధంతా నక్షాల అల్లుణ్ణి భుజాల మీద మోసింది. అత్తగారు తన చేత్తో వడ్డించి, "ఇక తలుపులు పెట్టించండి అల్లుడుగారూ, గాలికి చచ్చిపోతున్నాం," అంది. వడ్రంగి సంచీతో సహా గుమ్మంలో సిద్ధంగా ఉన్నాడు.

అప్పుడు ఆయన ఉత్తరం రెండో కాగితం చదివాడు. "ఊరి ప్రస్తుత స్వరూపమును యథాతథముగా పరిరక్షించవలెను. ముందు తెలుపకుండ తనిఖీలు జరుగును. ఏ ఇంటనైనను తలుపు కనిపించినచో గుర్తింపు రద్దగును, రహదారి తిన్నగా వచ్చును."

వడ్రంగి సంచీ కింద పెట్టాడు. అత్తగారు గరిటె కింద పెట్టింది.

"ఆ రోజు కాఫీ దగ్గర ఒక్క మాట చెప్పి ఉంటే పోయేది కదా, బాబూ."

"ఆఫీసు విషయం కదా అని..." అన్నాడు అల్లుడు, కంచంలోకి చూస్తూ.

అప్పట్నుంచీ ఆ ఊళ్ళో ఎవరి గురక ఎవరిదో అందరికీ తెలుసు. మొగుడూ పెళ్ళాం పోట్లాడుకోవాలంటే పొలాల దాకా నడిచి వెళ్తారు. ఉత్తరంలో చివరి షరతు ఇంకొకటుంది, "గుర్తింపు పత్రమును తాళము వేసిన గదిలో భద్రపరచవలెను" అని. అందుకే నక్షాల అల్లుడు ఇప్పటికీ దాన్ని చంకలో పెట్టుకునే తిరుగుతున్నాడు.