వెయిటింగ్ రూములో వాన

ఆ రోజుకి పిచ్చుక వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే ల్యాబుకి వెళ్ళాలి, అధ్యయనంలో మిగిలిపోయిన ఆఖరి మనిషిని పరీక్షించాలి, మధ్యాహ్నం పరిశీలన కమిటీ అధ్యక్షురాలు వచ్చేసరికి తల దువ్వుకుని నిలబడాలి. ఆవిడ సరేనంటే అధ్యయనం ఇంకో ఏడాది సాగుతుంది, పిచ్చుక ఉద్యోగమూ సాగుతుంది. కాదంటే రెండూ ఆ సాయంత్రంతో సరి.

సన్నగా ఉండి ఒకచోట నిలవదని అక్క పెట్టిన ముద్దుపేరు పిచ్చుక. విశ్వవిద్యాలయంలోని మానసిక చికిత్సా విభాగంలో పరిశోధన సహాయకురాలు. వాళ్ళ పరిశోధన అంతా అనుమానం మీద. వెయిటింగ్ రూములో ఒకతను ఫోను చూసుకుంటూ తనలో తను నవ్వుకుంటాడు. పక్కనున్న మనిషి ఏమనుకుంటాడు? ఏదో జోకు చదివాడనుకుంటాడా, తనని చూసే నవ్వాడని ఉడుక్కుంటాడా? నవ్వేవాడు ల్యాబు పెట్టిన నటుడు. ఆ సంగతి వచ్చిన పేషెంట్లకి పరీక్ష అయ్యాకే చెబుతారు.

ఆ ల్యాబులో పనిచేసి పనిచేసి పిచ్చుకకీ ఆ అనుమానం కొంత అంటుకుంది. తను చదువుకునే రోజుల్లో ఒక గురువుగారు సహాయకులకి తెలియకుండా సహాయకుల మీదే పరీక్షలు చేసేవారని ల్యాబు నడిపే ప్రొఫెసర్ గారు ఎప్పుడో సరదాగా అన్నారు. అప్పటినుంచీ బల్లమీద పెన్ను కనబడకపోతే పిచ్చుక వెతకడం మానేసింది. వెతికితే ఎవరో రాసుకుంటారని భయం.

బయల్దేరబోతుంటే నటుడు ఫోను చేశాడు. "జ్ఞానదంతం వాచిందండీ. నవ్వితే ప్రాణం పోతోంది."

పిచ్చుక ఫోను పెట్టేసింది. చుట్టూ చూసింది. సెలవు పెట్టి పేపరు చదువుకుంటున్న అక్క మొగుడు కనిపించాడు. ఆఫీసు నాటకంలో ఓసారి శవం వేషం వేసిన అనుభవం ఉంది. ఆ శవం రెండుసార్లు దగ్గింది.

"బావా, ఓ గంట నవ్వగలవా?"

"మీ అక్కని చేసుకున్నాక మానేశాను. ఎందుకూ?"

"వినపడుతోంది!" అంది అక్క వంటింట్లోంచి.

దారి పొడుగునా బావ వదల్లేదు. "నా పాత్ర ఎందుకు నవ్వుతోంది? దాని వెనకాల ఓ బాధ ఉండాలి కదా?"

"బాధా లేదు, బోడిగుండూ లేదు. ఫోను చూడు, రెండుసార్లు చిన్నగా నవ్వు, లేచి వెళ్ళిపో. అంతే బావా, నీకు దణ్ణం పెడతా."

అతన్ని వెయిటింగ్ రూములో కూర్చోబెట్టిందో లేదో, నీలం చీర కట్టుకుని, చేతిలో గొడుగుతో ఒక పెద్దావిడ లోపలికొచ్చింది.

"మీరు అధ్యయనం కోసమేనాండీ?" అడిగింది పిచ్చుక.

"దానికోసమేనమ్మా. కాస్త ముందొచ్చాను, ఫరవాలేదా?"

ఆవిడే పరిశీలన కమిటీ అధ్యక్షురాలు. చెప్పి వెళితే ప్రతి ల్యాబూ ముస్తాబై కూర్చుంటుందని ఆవిడ అనుమానం. అందుకే చెప్పిన వేళకన్నా ముందే, పేరు చెప్పకుండా వచ్చింది. పరీక్షకి రావలసిన మనిషి ఈవిడేననుకుని పిచ్చుక కుర్చీ చూపించి, పక్కగదిలో కెమెరా తెర ముందు కూర్చుంది.

బావ మొదలుపెట్టాడు. బాధ కూడా కలిపి నవ్వాడు. అధ్యక్షురాలు ఓరకంట చూసింది. అధ్యయనం కాగితాలు చదివింది కనుక గదిలో ఒక నటుడుంటాడని ఆవిడకి తెలుసు. కానీ ఇంత ఘోరంగా ఎవరూ నటించలేరు. కనుక ఇతను పాపం పేషెంటు.

"భయపడకు నాయనా," అంది మెల్లగా. "ఇక్కడ నిన్నెవరూ ఏమీ అనరు."

బావ మనసు కరిగిపోయింది. పేషెంటావిడ తనని ఓదారుస్తోంది! "మీరూ ధైర్యంగా ఉండండి పిన్నిగారూ. అన్నీ సర్దుకుంటాయి," అని ఆవిడ చెయ్యి తట్టాడు. ఆవిడా అతని చెయ్యి తట్టింది.

సరిగ్గా అప్పుడే అసలు మనిషి వచ్చాడు. ఇన్సూరెన్సు క్లెయిములు నిజమో అబద్ధమో తేల్చడం ఆయన ఉద్యోగం. ఆ అలవాటు ఇంటిదాకా వచ్చింది. భార్య తలనొప్పి అన్నా సాక్ష్యం అడిగేవాడు. చివరికి ఆవిడ, "మీరు బాగయ్యేదాకా మా అమ్మ దగ్గరే ఉంటా," అని వెళ్ళిపోయింది. ఆయన ఇక్కడికి వచ్చింది అందుకే.

ఆయన్ని చూడగానే బావా, అధ్యక్షురాలూ మాటలు ఆపేశారు.

"నేను రాగానే ఎందుకాపేశారు?"

"అబ్బే, ఏం లేదండీ!" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

ఆయనకి అంతకన్నా ఏం కావాలి? కుర్చీ ఎడంగా లాక్కుని కూర్చున్నాడు.

తెరమీద మూడో మనిషిని చూసి పిచ్చుక లేవబోయింది. అంతలో సీలింగు నుంచి టప్‌మని ఒక చుక్క పడింది. తర్వాత ఇంకోటి. ఆ తర్వాత సన్నని ధార.

ఎవరూ కదల్లేదు.

అనుమతి తీసుకోకుండా ప్రొఫెసరు పరీక్షలో నీళ్ళు కలిపాడనుకుంది అధ్యక్షురాలు. ఎంతదాకా పోతాడో చూసి పట్టుకుందామని గొడుగు తెరిచి, అలాగే కూర్చుంది. 'మరదలు ఈ సీను సంగతి నాకు చెప్పనేలేదు, నిజమైన నటుడు ఏం జరిగినా ఆపడు,' అనుకుని బావ మూడోసారి నవ్వాడు. లేస్తే 'అదిగో, అనుమానించాడు' అని రాసేస్తారని ఇన్సూరెన్సు ఆయన గడ్డం పైకెత్తి తడుస్తూ కూర్చున్నాడు. ఇక పక్కగదిలో పిచ్చుక లేవబోయినదల్లా మళ్ళీ కూర్చుంది. తనకి పెట్టిన పరీక్ష ఇదేనన్నమాట! వాన పడితే సహాయకురాలు పని ఆపుతుందా, కొనసాగిస్తుందా? పళ్ళు బిగించి కొనసాగించింది.

తలుపు భళ్ళున తెరుచుకుంది. మోకాళ్ళదాకా తడిసిన ప్లంబరు, చేతిలో పానా. "పైన పైపు పగిలిందండీ! సీలింగు ఉబ్బిపోయింది, లేవండి, లేవండి!"

"ప్రవేశం బాగుంది," అన్నాడు బావ. "గొంతు కొంచెం తగ్గించాలి."

"ఈ వేషం వెయ్యమని నీకెవరు చెప్పారు బాబూ?" అంది అధ్యక్షురాలు గొడుగు కిందనుంచి.

"వేషమేంటమ్మా! బుద్ధెరిగినప్పట్నుంచీ నా పనే ఇది!"

ఇన్సూరెన్సు ఆయన సీలింగు వంక చూశాడు, ప్లంబరు వంక చూశాడు, పక్కనున్న ఇద్దరి వంకా చూశాడు. లేచి నిలబడ్డాడు.

"నాకు ఇతని మీదా అనుమానమే, మీ మీదా అనుమానమే. అబద్ధమైతే బయట నిలబడి తీరిగ్గా పోట్లాడుకుందాం. నిజమైతే ఇక్కడ పోట్లాడుకోడానికి ఎవరం మిగలం. లేవండి ముందు!" అని చెరో చేత్తో ఇద్దర్నీ బయటికి లాగాడు.

వాళ్ళు గడప దాటారో లేదో, సీలింగు బోర్డులు నీళ్ళతో సహా కుర్చీల మీద పడ్డాయి.

పిచ్చుక వరండాలోకి పరుగెత్తుకొచ్చింది. అటునుంచి ప్రొఫెసర్ గారు ఆయాసపడుతూ వచ్చారు. "మేడం! ముందే వచ్చేశారని గేటు దగ్గర చెప్పారు, విభాగమంతా గాలిస్తున్నాను!"

పిచ్చుక చేత్తోనే గబగబా తల దువ్వుకుంది.

"ఈవిడ పేషెంటు కాదా?" అన్నాడు బావ.

"నువ్వు కాదా?" అంది ఆవిడ.

"నేను నటుణ్ణండీ."

"నటుడివా?" అని ఆవిడ నిజంగా ఆశ్చర్యపోయింది. సీలింగు మీదపడినా బావకి అంత దెబ్బ తగిలేది కాదు.

"అయితే ఈ నీళ్ళు మీరు పెట్టించినవి కావా?" అని ఆవిడ ప్రొఫెసర్ గారిని నిలదీసింది.

"నీళ్ళా? మేడం, మా కూలర్లోకే నీళ్ళు రావు!"

"నేనూ మీరే పెట్టించారనుకున్నాను సార్," అంది పిచ్చుక ఏడుపు గొంతుతో. "నన్ను పరీక్షించడానికి."

ఇన్సూరెన్సు ఆయనకి నిజం చెప్పడం పిచ్చుక పని. అంతా చెప్పింది.

"అంటే, వాళ్ళిద్దరూ నా గురించి గుసగుసలాడలేదా?"

"లేదండీ. ఒకరిమీద ఒకరు జాలిపడుతున్నారు."

ఆయన పక్కకి వెళ్ళి భార్యకి ఫోను చేశాడు. "తలనొప్పిగా ఉందా?" అని అడగడం వినిపించింది. తర్వాత, "సరే, పడుకో," అన్నాడు. సాక్ష్యం అడగలేదు.

అధ్యక్షురాలు చీర కొంగు పిండుకుంటూ అదంతా చూసింది. "ఈ అధ్యయనం ఆపేయమని చెబుదామనే వచ్చాను," అంది. "అనుమానం జబ్బని మీరు పిలిపించిన ఆయనేమో లేచి మమ్మల్ని కాపాడాడు. ఏ జబ్బూ లేనివాళ్ళం, నేనూ, ఇతనూ, గోడవతల ఈ అమ్మాయీ కదలకుండా కూర్చున్నాం. అదెందుకో తేల్చండి. ఇంకో ఏడాది ఇస్తున్నాను. ఈ అమ్మాయిని కూడా ఉంచండి."

పిచ్చుక ప్రొఫెసర్ గారి దగ్గరికి జరిగి, "ఇది నిజమేనా సార్, లేకపోతే పరీక్షా?" అంది రహస్యంగా.

"నేనూ అదే ఆలోచిస్తున్నానమ్మా," అన్నారాయన.

సీలింగు మాత్రం ఇంకా బాగుపడలేదు. మరమ్మతుకని వచ్చిన ప్రతివాణ్ణీ ల్యాబువాళ్ళు చివరిదాకా శ్రద్ధగా చూసి, చప్పట్లు కొట్టి పంపించేస్తున్నారు.