సింగయ్య తెచ్చిన చట్టం

ఒక పెద్ద అడవిలో నీళ్ల మడుగుకి పెద్దని ఓట్లేసి ఎన్నుకునేవారు. పోటీకి దిగినవాడు మచ్చలేనివాడని తెలిసేలా ఒళ్లంతా తెల్లసుద్ద పూసుకోవాలి. తర్వాత విందు పెట్టాలి. సుద్ద మానేసినా ఎవరూ అడగరు గానీ, విందు మానేస్తే ఊరుకోరు.

దుప్పి సింగయ్యకి ఇది నచ్చేది కాదు. విందులు పెట్టే స్తోమతా లేదు లెండి. ఉన్నదల్లా నాలుగు ఇప్పచెట్లు. వేసవిలో ఆ పూలు రాలితేనే పిల్లలకు తిండి. ప్రతిసారీ ఎలుగుబంటి మల్లప్ప తేనె పంచి గెలవడం చూసి ఒళ్లుమండి, సభలో చట్టం చేయించాడు: ఓటు కోసం తిండి పెట్టినట్టు రుజువైతే, వాడు బతికున్నన్నాళ్లూ ఏటా అడవి మొత్తానికి విందు పెట్టాలి.

సభంతా చప్పట్లు. ఎంత నీతిగల అడవో అని సింగయ్యకి కళ్లనీళ్లొచ్చాయి.

"మల్లప్ప కూడా చప్పట్లు కొట్టాడు, చూశావా?" అంది భార్య.

"భయంతో కొట్టాడే!"

ఈసారి సింగయ్య కూడా సుద్ద పూసుకుని దిగాడు. మల్లప్ప తేనెచుక్క రాల్చలేదు. "చట్టమొచ్చింది, ఏం చేయను బాబూ? గెలిపిస్తే మటుకు తేనె వాగులా పారిస్తా," అని దండం పెట్టాడు. మాటివ్వడం తప్పని చట్టంలో లేదు మరి.

అడవికి కడుపు కాలింది. "ఇవీ ఒక ఎన్నికలేనా? దినాలు నయం, భోజనమైనా ఉంటుంది," అన్నాయి కోతులు.

అప్పుడు కుందేలు సుబ్బులుకి మెరుపులాంటి ఆలోచన తట్టింది. ఎవరి మీద రుజువైతే వాళ్లు ఏటా పెడతారు కదా! మల్లప్ప మీద చెబుదామంటే వాడికి పంజా ఉంది. సింగయ్య మంచివాడు.

మర్నాడే న్యాయాధికారి తాబేలు ముందు సాక్షులు బారులు తీరారు. అందరికీ సింగయ్యే ఇప్పపూలు పెట్టాడట. పుట్టి బుద్ధెరిగాక మాంసం తప్ప ముట్టని తోడేలు కూడా, "దోసెడు తిన్నాను, ఎంత తీపో!" అని ఒట్టేసింది.

సింగయ్య కుందేలు వైపు తిరిగాడు. "సుబ్బులూ, నీకెప్పుడు పెట్టానమ్మా?"

"పెడతావుగా అన్నా! కాస్త ముందుగా చెప్పాను, అంతే," అని గుసగుసలాడింది సుబ్బులు.

"ఇంతమందికి నాలుగు చెట్ల పూలు ఎలా సరిపోయాయి స్వామీ?" అని సింగయ్య భార్య మొత్తుకుంది.

"అది శిక్ష అమలు చేసేటప్పుడు చూసుకుందాం," అని తాబేలు తీర్పు చెప్పేసింది.

మల్లప్ప గెలిచాడు. ఇప్పపూల కాలం రాగానే విందులో మొదటి పంక్తిలో కూర్చున్నాడు. సింగయ్య పిల్లలు చెట్ల చాటు నుంచి ఆకలిగా చూస్తున్నారు.

"తేనె వాగు ఏదయ్యా?" అన్నాడు సింగయ్య వడ్డిస్తూ.

"నీ చట్టం నన్ను పెట్టనివ్వదుగా! ఇంకాస్త వెయ్యి."

నీతి: లంచం పెట్టినవాడికి ఒక్కసారితో పోతుంది, పెట్టనివాడు బతికున్నన్నాళ్లూ పెట్టాలి.