తండ్రి కుడి, తల్లి ఎడమ

ఆ రోజు పొద్దున కోడంబాకం స్టూడియోకి వస్తూ అసిస్టెంటు డైరెక్టరు చొక్కలింగం మనసులో ఒక లెక్క వేసుకున్నాడు. పదింటిలోపు షష్టిపూర్తి సీను అయిపోవాలి. తర్వాత టిఫిను వేళ డైరెక్టరు దండపాణి కాస్త నవ్వు మొహంతో ఉన్నప్పుడు టైటిల్స్‌లో తన పేరు సంగతి మళ్లీ కదపాలి.

పన్నెండేళ్లుగా పనిచేస్తున్నా అతని పేరు తెర మీద పడలేదు. తిండివనంలో వాళ్లమ్మ ప్రతి సినిమాకీ వెళ్లేది. పేర్లు చదివి పెట్టమని పక్కవాళ్లను బతిమాలేది. కొడుకు పేరు రాలేదంటే అక్కడే లేచి ఇంటికి పోయేది. "నీ పేరు లేని బొమ్మతో నాకేం పనిరా" అనేది.

ఈసారి అదృష్టం తెలుగు రూపంలో వచ్చింది. తెలుగులో తను తీసిన కుటుంబ కథనే నిర్మాత పెంచలయ్య తమిళంలో తీస్తున్నాడు. మాటలకి వేరే కవి ఉన్నాడు. ఎవరు ఎటునుంచి రావాలి, ఎక్కడ నిలబడాలి అని రాసిన కాగితాలను తమిళంలోకి దించేవాడు కావలసి వచ్చింది. "తెలుగు నాకు వెన్నతో పెట్టిన విద్య సార్" అని చొక్కలింగం ముందుకొచ్చాడు. నిజానికది నెల్లూరు మెస్సులో రెండేళ్లు తిన్న తెలుగు. పప్పు, నెయ్యి, ఇంకొంచెం దాకా ఢోకా లేదు. అక్షరాలు కూడబలుక్కోగలడు. "ఒక్క తప్పు లేకుండా చెయ్యి, నీ పేరు విడిగా వేస్తాను" అన్నాడు దండపాణి.

షష్టిపూర్తి సీను కాగితం మీద "తండ్రి కుడి, తల్లి ఎడమ" అని ఉంది. పాపం, చొక్కలింగం రెండుసార్లు చదివాడు. తండ్రి అంటే తండ్రే. కుడి అంటే తమిళంలో తాగుడు. తల్లి అంటే తోసేసి. మెస్సులో అందరూ అమ్మ అన్నారే గాని తల్లి అన్న పాపాన పోలేదు. ఎడమ అంటే తమిళం వాళ్ల ఇడమే, అంటే చోటు. "తండ్రి తాగి వచ్చి, ఆ చోటున్నదల్లా తోసేస్తాడు" అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిపెట్టాడు.

తండ్రి వేషం వేసే ఏకాంబరం ఆ కాగితం చూసి కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "తంబీ, నలభై సినిమాల్లో తండ్రినయ్యాను. దీవించడం తప్ప పాపం ఎరగను. షష్టిపూర్తి నాడు తాగి రావాలా?"

"మూలంలో అలాగే ఉందయ్యా."

"ఆంధ్రాలో పెద్దవాళ్లు ఇలా ఉంటారా?"

"కారం ఎక్కువ తింటారు కదయ్యా" అన్నాడు చొక్కలింగం.

తల్లి వేషం కోకిలాంబాళ్ పట్టుచీర కొంగు సర్దుకుంటూ వచ్చింది. "నేనెక్కడ నిలబడాలి?"

"మీ ఊసే లేదమ్మా ఇందులో."

"షష్టిపూర్తికి పెళ్లాం లేదా? బాగుంది సంబడం" అని ఆవిడ మేకప్ గదిలోకి పోయి గడియ పెట్టుకుంది.

దండపాణికీ అనుమానం వచ్చింది. కానీ మూలాన్ని వెంట్రుకవాసి మార్చొద్దని పెంచలయ్య ఆజ్ఞ. "సరే, తాగండి" అన్నాడు.

ఏకాంబరానికి కాఫీ వాసన కూడా పడదు. తూలడం ఎలాగో లైట్లు పట్టే మునుసామి నేర్పాడు. అతనికి అనుభవం ఎక్కువ. కెమెరా తిరిగింది. ఏకాంబరం తూలుతూ వచ్చి కలశం తోశాడు, పురోహితుణ్ణి తోశాడు, ఊపు ఆగక పందిరి గుంజ తోశాడు. పందిరి వచ్చి నలుగురు కొడుకుల మీద పడింది. ఏకాంబరం పక్కకు చూస్తే పెళ్లాం చోటు ఖాళీ. నలభై సినిమాల కడుపుమంట ఒక్కసారి పొంగింది. "అరవయ్యేళ్లు బతికాను. నలుగురు కొడుకులు. నా పక్కన నిలబడ్డానికి ఒక్క మనిషి లేదు" అన్నాడు. అది కవి రాసిన మాట కాదు.

సరిగ్గా అప్పుడే పెంచలయ్య లోపలికొచ్చాడు. "ఏందయ్యా ఇది? దేవుడులాంటి తండ్రిని తాగుబోతును చేసిందెవరు?"

దండపాణి కాగితం చూపించాడు. పెంచలయ్య చదివి చొక్కలింగాన్ని ఎగాదిగా చూశాడు. "కుడి అంటే కుడిచేతి వైపయ్యా. తల్లి అంటే మీ అమ్మ."

చొక్కలింగానికి తిండివనం అమ్మే కళ్లముందు మెదిలింది. పన్నెండేళ్ల పని గంగలో కలిసిపోయిందని ఏడుపొచ్చింది. అయితే ఏడుస్తున్నది అతనొక్కడే కాదు. మునుసామి లైటు వదిలేసి కళ్లు తుడుచుకుంటున్నాడు. పందిరి కింద కొడుకులు కూడా బయటికి రాకుండా ఏడుస్తున్నారు.

పెంచలయ్య కాసేపు మీసం దువ్వుకున్నాడు. "మా తెలుగులో ఈ సీను వస్తే జనం బయటికెళ్లి సోడా తాగినారు. ఇది ఉండనీండి. మిగతా వాటిల్లో మాత్రం కుడి అంటే కుడివైపే. దిద్దుకో."

చొక్కలింగం ఆ పూటే కూర్చుని, తండ్రి పేరు వచ్చిన ప్రతిచోటా కుడివైపును తమిళంలో అనేట్టు "వలదు" అని పెద్దక్షరాలతో దిద్దాడు.

సినిమా వంద రోజులాడింది. చొక్కలింగం పేరు విడిగా పడింది. వాళ్లమ్మ మొదటిసారి చివరిదాకా కూర్చుని, "అచ్చం మీ నాన్నేరా" అని కళ్లు తుడుచుకుంది. పెంచలయ్య ఆశ పెరిగి దాన్నే మళ్లీ తెలుగులో తియ్యమని పక్క ఫ్లోరుకి కాగితాలు పంపాడు. ఇడ్లీ కొట్టు దగ్గర తమిళం నేర్చిన ఒకాయన అక్కడ వాటిని తెలుగులోకి దించాడు.

తండ్రి పేరు పక్కన ప్రతిచోటా "వలదు" అని ఉండడంతో, ఆ సినిమా తండ్రి లేకుండానే విడుదలైంది.