మూడో నకలు

నిన్న బెంచీ మీద కూర్చున్నప్పుడు నా పుస్తకాల సంగతి ఎత్తి మీరంతా పగలబడి నవ్వారు. నవ్వితే నవ్వారు గానీ, సగం కథకే నవ్వారు. మిగతా సగం ఇవాళ చెబుతాను. కాస్త జరిగి చోటివ్వండి.

నా దగ్గర నాలుగువేల రెండువందల పదకొండు పుస్తకాలున్నాయి. కాగితం పుస్తకాలైతే వాటిని ఇంట్లో పెట్టి మేమిద్దరం వరండాలో కాపురం చేయాల్సి వచ్చేది. ఇవి ఈ-పుస్తకాలు. అన్నీ కలిపి అరచేతిలో పట్టే డిస్కులో సర్దుకుంటాయి.

"నాలుగువేలా!" అని ఎవరైనా నోరు తెరిస్తే చాలు, మా ఆవిడ కుట్టుమిషను మీంచి తలెత్తకుండానే అడిగేది.

"చదివినవెన్నో కూడా చెప్పండి."

"సేకరించడం వేరు, చదవడం వేరు" అనేవాణ్ణి.

"అవునవును. గుడ్డ కొనడం వేరు, చొక్కా తొడుక్కోవడం వేరు. బీరువా నిండా తానులు పెట్టుకుని వీధిలో బనీనుతో తిరగొచ్చు."

ఆవిడ దర్జీ. మా వీధిలో సగం మంది కొలతలు ఆమెకు నోటికి వచ్చు. నా కొలత మరీ బాగా వచ్చు.

నేనేమో రికార్డు రూములో ముప్ఫై నాలుగేళ్ళు గుమాస్తాని. అక్కడ మాకో కట్టుబాటు ఉండేది. ముఖ్యమైన కాగితం ఏదైనా మూడు నకళ్ళు. ఒకటి బల్ల మీద, ఒకటి తాళం వేసిన బీరువాలో, ఒకటి వేరే భవనంలో. భవనానికి భవనమే కాలిపోయినా కాగితం బతకాలి. రిటైరయ్యాక మిగిలిన కాగితాలేమీ లేక, ఆ కట్టుబాటంతా తెచ్చి నా పుస్తకాల మీద పెట్టాను.

మొదటి నకలు లాప్‌టాప్‌లో. రెండోది ఒక డిస్కులో, దానికి నలభై అక్షరాల పాస్‌వర్డు.

"పుస్తకాలకు తాళమెందుకండీ?" అంది ఆవిడ.

"దొంగ వస్తే?"

"వచ్చి చదువుకుని పోతాడనా? పోనీలెండి, ఈ ఇంట్లో ఒక్కడైనా చదివినవాడవుతాడు."

ఆ నలభై అక్షరాలు పెట్టే రోజున నా కళ్ళద్దాలు కనబడలేదు. కాగితం మీద రాసుకున్నవి ఆమె ఒక్కో అక్షరం చదువుతుంటే నేను కొట్టాను. తరవాత ఆ కాగితం చింపేశాను. చింపకముందు జాగ్రత్తగా ఒక ఫైల్లోకి ఎక్కించాననుకోండి. ఆ ఫైలు సంగతి తరవాత వస్తుంది. దాని తలుపు తరవాతే తడదాం.

మూడో నకలు వేరే భవనంలో ఉండాలి కదా. మా బావమరిదిది నాలుగు వీధుల అవతల ఇల్లు. వాణ్ణి మేము 'చూద్దాంగారు' అంటాం. ఏమడిగినా వాడిది ఒకటే జవాబు. డిస్కును అట్టపెట్టెలో పెట్టి, చుట్టూ టేపు అంటించి, ఆ టేపు మీద ఆఫీసులో చేసినట్టే అడ్డంగా సంతకం పెట్టి ఆవిడ చేతికిచ్చాను. తమ్ముడింటికి ఎలాగూ వెళుతూనే ఉంటుంది.

"వాడి దగ్గరా?" అంది పెట్టెను అటూ ఇటూ తిప్పి చూస్తూ. "వాడి పెళ్ళిలో వాడి ఉంగరం వాడే పోగొట్టాడండీ."

"రూలు రూలే" అన్నాను.

"సరే. మీ ఇష్టం" అంది. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆవిడ అంత తేలిగ్గా ఒప్పుకున్న రోజు అదొక్కటే. అనుమానించాల్సింది. గెలిచానని సంతోషపడ్డాను.

అప్పట్నుంచి ఆర్నెల్లకోసారి ఆ డిస్కు తెప్పించి, కొత్తవి చేర్చి, తిరిగి ఆమె చేతికే ఇచ్చేవాణ్ణి. "పెట్టె ఏదీ?" అంటే, "అక్కడే ఉంది లెండి, మళ్ళీ అందులోనే పెట్టొస్తా" అనేది.

ఇంతలో ఒక సంగతి జరిగింది. రోజంతా సూదిలో దారం ఎక్కించి ఎక్కించి ఆమె కళ్ళు మందగించాయి. ఈ-పుస్తకాలు చదువుకోవడానికి నేను కొన్న రీడరులో అక్షరాలు ఎంత కావాలంటే అంత పెద్దవి చేసుకోవచ్చని ఒక మధ్యాహ్నం కనిపెట్టింది. అంతే, రీడరు మళ్ళీ నా చేతికి రాలేదు. వరసపెట్టి చదివేసింది. చదవడమే కాదు, ఒంటి వేలితో పేజీ పక్కన రాతలు కూడా మొదలుపెట్టింది.

రికార్డు రూము మనిషిని, నాకు గుండె ఆగింది. "పుస్తకంలో రాస్తారా ఎవరైనా?"

"సిరా కాదుగా. చెరుపుకోండి."

చెరపడానికి కూర్చున్నాను. ఒక ప్రేమకథలో, నాయకుడు మోకరిల్లిన చోట, "ఈయనకు మోకాళ్ళ నొప్పి లేదన్నమాట" అని ఉంది. ఒక వేదాంత గ్రంథం మూడో పేజీలో, "ఇక్కడ మా ఆయన నిద్రపోయారు. కళ్ళద్దాలు నేనే తీశాను" అని ఉంది. చెరపలేదు. పైగా ఆర్నెల్లకోసారి పుస్తకాలతోపాటు వాటినీ నకళ్ళలోకి ఎక్కించాను.

ఆమె పోయి మూడేళ్ళయింది. అప్పట్నుంచి కొత్త పుస్తకమేదీ చేర్చలేదు, మూడో నకలును తెప్పించనూ లేదు. ఆ మరుసటి ఏడాదే రీడరూ కన్నుమూసింది. అప్పటికే రాతలన్నీ లాప్‌టాప్‌లోకి దించుకున్నాను కాబట్టి నిబ్బరంగా ఉన్నాను. పొద్దున్నే కాఫీతో రోజుకో రాత చదువుకునేవాణ్ణి. రెండు చదివితే త్వరగా అయిపోతాయని భయం. నాలుగువేల పుస్తకాలేమైనా ఫరవాలేదు గానీ, ఆ రాతలు నాకు కావాలి. ఇంట్లో ఇంకా నన్ను ఏడిపించే గొంతు అదొక్కటే.

పోయిన నెలలో ఒకరోజు పొద్దున కాఫీ చల్లారిపోయింది గానీ లాప్‌టాప్ తెరుచుకోలేదు.

నిజం చెబుతున్నాను, మొదట నవ్వొచ్చింది. ఇన్నేళ్ళ ముందుచూపుకు ఇవాళ పండగ అనుకున్నాను. బీరువాలోంచి రెండో డిస్కు తీసుకుని, లాప్‌టాప్ చంకన పెట్టుకుని రిపేరు కొట్టుకు వెళ్ళాను. కొట్టు నడిపేది ఒక నడివయసు ఆవిడ. నుదుటి మీద దీపం కట్టుకుని పనిచేస్తుంది.

"లాప్‌టాప్ పోయింది సార్. లోపల డిస్కు కూడా. ఏమీ రాదు" అంది.

"ఫరవాలేదు. రెండో నకలుంది."

ఆ డిస్కు తగిలించింది. పాస్‌వర్డు అడిగింది.

"నలభై అక్షరాలు. జ్ఞాపకముండదుగా, ఒక ఫైల్లో రాశాను."

"ఆ ఫైలేది సార్?"

"లాప్‌టాప్‌లో ఉంది. అది పోతే ఇబ్బందని ఇంకో చోట కూడా పెట్టాను."

"ఎక్కడ?"

చెప్పబోయి ఆగాను. ఆమె కూడా నుదుటి దీపం ఆర్పి నా మొహం చూసింది.

"ఈ డిస్కులోనే పెట్టారా?"

డిస్కు వంక చూస్తూ తలూపాను.

"అంటే తాళంచెవి బీరువాలో పెట్టి, బీరువాకు తాళం వేశారు." నవ్వలేదు మహాతల్లి. లోపలికెళ్ళి మంచినీళ్ళు తెచ్చి నా ముందు పెట్టింది. నవ్వు లోపలే కానిచ్చి వచ్చినట్టుంది. అదీ ఒక దయే.

అక్కణ్ణుంచి చూద్దాంగారింటికి పరుగు లాంటి నడక.

"ఏమయ్యా, మీ అక్క నీకిచ్చిన డిస్కు ఏదీ?"

"అదా బావగారూ... మా అమ్మాయి పెళ్ళి వీడియో పెట్టుకోవాల్సొచ్చి దానికి వాడాం."

"అందులో ఉన్నవి?"

"అందులో ఏమీ లేదుగా? తెరిచి చూశాం. ఖాళీ. అక్క ఖాళీ డిస్కుకు ఇంత సీలెందుకు వేసిందా అని మేమే ఆశ్చర్యపోయాం."

"ఖాళీ ఏమిటయ్యా! ఆర్నెల్లకోసారి తను తెచ్చి, తీసుకెళ్ళి..."

"లేదు బావగారూ, ఒక్కసారే ఇచ్చింది. మళ్ళీ అడగనేలేదు. కావాలంటే పెట్టె ఉంది చూడండి, అందులో బొత్తాలు వేసుకున్నాం."

జీవితంలో మొదటిసారి 'చూద్దాం' నేనన్నాను.

పెట్టె నాదే. ఒక పక్క టేపు మీద నా సంతకం. కానీ ఆ సంతకం నిలువునా కోసి ఉంది. దాని మీద ఇంకో టేపు. నేను టేపును పళ్ళతో కొరుకుతాను, కొస చిరుగులుగా ఉంటుంది. ఈ రెండో టేపు కొస రంపం పళ్ళలా, తీర్చినట్టు ఉంది. గుడ్డ అంచు పీచు లేవకుండా కత్తిరించడానికి దర్జీల దగ్గరుండే పళ్ళ కత్తెరతో తెగితే అలా ఉంటుంది. మా ఇంట్లో దాన్ని నేను ముట్టుకుంటే యుద్ధం జరిగేది.

ఆ పెట్టెలో వచ్చిన డిస్కు కూడా చూపించాడు. పాతబడిందని నేనెప్పుడో పక్కన పెట్టింది.

మూడేళ్ళుగా ఆమె మిషను సొరుగు నేను తెరవలేదు. ఎందుకని అడక్కండి. ఆ రోజు తెరిచాను. దారపు ఉండలు, సుద్దముక్కలు, కొలత టేపు. వాటి కింద ఒక సంచీ. నా పాత ఆఫీసు చొక్కా జేబును విప్పి, మూత కుట్టి, బొత్తాం పెట్టింది. లోపల నా మూడో నకలు. ఆర్నెల్లకోసారి అది నాలుగు వీధులు దాటి వెళుతోందని నేననుకుంటుంటే, నా లాప్‌టాప్ దగ్గర్నుంచి మిషను దాకా ప్రయాణం చేసేది!

సంచీకి గుండుసూదితో ఒక చీటీ గుచ్చి ఉంది. కుట్టడానికిచ్చిన ప్రతి గుడ్డకూ ఆమె గుచ్చే చీటీయే.

పేరు: మా ఆయన. వస్తువు: పుస్తకాలు. డెలివరీ: అడిగినప్పుడు.

అది ఎక్కడ దాచావని ఆమె బతికున్నప్పుడు అడగలేదు. అడిగుంటే అప్పుడే ఇచ్చేది, నాలుగు మాటలతో కలిపి.

డిస్కు తీసుకుని మళ్ళీ కొట్టుకు వెళ్ళాను. తగిలించగానే అదీ పాస్‌వర్డు అడిగింది. మూడోదానికీ అదే తాళం వేశానని అప్పుడు గుర్తొచ్చింది. రిపేరావిడ మళ్ళీ మంచినీళ్ళకు లేచింది. నా చేతిలో చీటీ ఊరికే అటూ ఇటూ తిరుగుతోంది.

"సార్, వెనకాల ఏదో రాసుంది" అంది ఆమె.

గుడ్డ మీద గీతలు గీసే పెన్సిలుతో నలభై అక్షరాలు. కింద, "కళ్ళద్దాలు ఫ్రిజ్ మీద ఉన్నాయి ఆ రోజు."

ఆ కొట్లోనే కొన్న పాత లాప్‌టాప్‌లోకి అన్నీ వచ్చాయి. రాతలూ వచ్చాయి. ఇంటికొచ్చి, ఈసారి ఆత్రం పట్టలేక, రాతలను మాత్రమే వరసగా చూపించే మీట నొక్కాను. అప్పటిదాకా నేనెరగని ఒకటి కనబడింది. ఓడల చరిత్ర మీద తొమ్మిదొందల పేజీల పుస్తకం ఉందని, రెండుసార్లు చదివానని మీ అందరికీ చెబుతుంటాను చూడండి, దాంట్లో. ఆరువందల పన్నెండో పేజీ.

"ఇక్కడిదాకా వచ్చారా? అయితే ఈ పుస్తకం చదివానని బెంచీ మీద చెప్పుకోవడం ఇక అబద్ధం కాదు. మెచ్చుకున్నాను."

ఆనందంతో నా కళ్ళు చెమర్చాయి. అప్పుడు పక్క పేజీ రాత కూడా కనబడింది.

"మీట నొక్కి వచ్చారని తెలుసు. వెళ్ళండి, మొదటి పేజీకి."

అందుకే, మిత్రులారా, ఇన్నాళ్ళూ మీకు చెప్పింది అబద్ధం. నేనా పుస్తకం చదవలేదు. ఇవాళ పొద్దుటికి నలభై ఒకటో పేజీలో ఉన్నాను. ఇంకా రేవులో తాళ్ళు కూడా విప్పలేదు. దారిలో ఇంకేం రాసిపెట్టిందో తెలియదు, మీట మాత్రం నొక్కడం లేదు.

డిస్కు మళ్ళీ మిషను సొరుగులోనే పెట్టాను. సంచీ బొత్తాం పెట్టి, చీటీ యథాప్రకారం గుచ్చి.