మాసిపోని ఫొటో

ఆ ఉదయం అధ్యక్షుడు వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి సంతాప సభ, పదిన్నరకు తన ఉపన్యాసం, ఒంటిగంటకల్లా ఇంటికొచ్చి భోజనం.

ఆయన ఒకప్పుడు సినిమా హాల్లో ప్రొజెక్టర్ ఆపరేటరు. మొన్న కన్నుమూసిన మహానటుడి అభిమాన సంఘానికి నలభై ఏళ్ళుగా అధ్యక్షుడు. ఆ కుర్చీ మీద సంఘంలోనే సభ్యుడైన ఊరి బార్బరుకు ఎప్పటినుంచో కన్ను. "హీరోగారి విషయంలో ఒక్క తప్పు దొరకనీ, ఆయన్ని దింపేస్తా" అని గడ్డం గీయించుకునే ప్రతివాడికీ చెప్పేవాడు. కత్తి మెడ మీద ఉండగా కాదనేవాడెవడు?

సభలో పెద్ద ఫొటో మీద తెర తొలగింది. జనం కళ్ళొత్తుకున్నారు. అధ్యక్షుడికి మాత్రం పైప్రాణాలు పైనే పోయాయి. వంకర టోపీ, ఎత్తిన కనుబొమ్మ, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మొహం మాత్రం తనది! ఇరవై రెండేళ్ళప్పుడు హీరోలాగా వేషం వేసుకుని స్టూడియోలో తీయించుకున్న ఆ ఫొటోను, హీరోగారి ఫొటోతో కలిపి ఒకే కవర్లో దాచుకున్నాడు.

"ఫ్రేములాయనకి ఏమిచ్చావే?" అని భార్య చెవిలో గొణిగాడు.

"కవరిచ్చాను. రెండున్నాయి, ఏది పెద్దది చెయ్యమంటారు అన్నాడు. మాసిపోనిది చెయ్యమన్నాను. ఏం, బాగానే ఉందిగా?"

అంతలో బార్బరు లేచి ఫొటో దగ్గరికి నడిచాడు. అధ్యక్షుడు కుర్చీని గట్టిగా పట్టుకున్నాడు.

"ఆ కళ్ళు చూడండయ్యా! కోటిమందిలో ఉన్నా పోల్చేస్తా!" అని బార్బరు భోరుమన్నాడు.

ముఖ్య అతిథి హీరోగారి పాత మేకప్‌మ్యాన్. కళ్ళజోడు తుడుచుకుని మరీ చూసి, "ఆ రోజు మేకప్ నాదే. ముక్కు కాస్త లావుగా వచ్చింది, నా తప్పే" అన్నాడు. అధ్యక్షుడు తనకు తెలియకుండానే ముక్కు తడుముకున్నాడు.

ప్రాణంగా ప్రేమించిన మనిషికి కడసారి దండం పెడదామని వస్తే, తనకు తానే పెట్టుకోవలసి వచ్చింది. మైకు ముందు నిలబడితే ఆ దుఃఖంతో ఒక్క మాటా పెగల్లేదు. ఇంత గొప్ప ఉపన్యాసం ఎన్నడూ వినలేదన్నారు అందరూ. విలేకరి ఆ పెద్ద ఫొటోకు ఫొటో తీసుకుపోయాడు.

మర్నాడు పొద్దున్నే పత్రిక పట్టుకుని అధ్యక్షుడి తమ్ముడు ఏడుస్తూ వచ్చాడు. "అన్నయ్యా! నిన్నకాక మొన్నేగా మాట్లాడావు!" అంటూ గడపలో కూలబడ్డాడు. తలుపు తీసింది అన్నయ్యే. ఆ ఫొటో కాపీ ఒకటి తన షాపులో పెట్టుకోవడానికి అడుగుదామని బార్బరు కూడా సరిగ్గా అప్పుడే మెట్లెక్కాడు.

"ఎవరండీ పోయింది?" అన్నాడు బార్బరు.

"చూడండి! మా అన్నయ్య ఫొటో వేసి ఇక లేరని రాశారు! ఈ టోపీ నాదే, అరువు తీసుకుని మళ్ళీ ఇవ్వలేదు కూడా!"

భార్య పత్రిక లాక్కుంది. "ఇది మీరా? పెళ్ళికి ముందు ఇంత బాగుండేవారా?"

బార్బరు పత్రికనూ మనిషినీ మార్చి మార్చి చూశాడు. నోరు విప్పితే అధ్యక్షుడి కుర్చీ పోతుంది. దాంతోపాటే కోటిమందిలో పోల్చే తన కళ్ళ పరువూ పోతుంది.

"నేనేం చూళ్ళేదు. నిన్న నేను ఏడవనూ లేదు. సరేనా?"

"సరే" అన్నాడు అధ్యక్షుడు.

ఆ ఫొటో ఇప్పటికీ సంఘం గదిలోనే ఉంది. ఏటా దాని ముందు అందరూ కన్నీళ్ళు పెడతారు, బార్బరు మరీ జాగ్రత్తగా పెడతాడు. అధ్యక్షుడు మాత్రం అక్కడ ఏడవడు; ఇంటికెళ్ళి, మాసిపోయిన హీరోగారి ఫొటో ముందు ఒంటరిగా ఏడుస్తాడు. అది తెలియని సభ్యులకు ఆయన అభిమానం మీద కాస్త అనుమానం.